కృంగుబాటుకు వాడే మాత్రలు: మేలుకంటే ముందు వచ్చే ఇబ్బందులు



డిప్రెషన్‌కు డాక్టరు రాసిచ్చిన మందుల చీటీతో ఇంటికి వచ్చిన మనిషిని ఎన్నో సందేహాలు పట్టుకుంటాయి. ఇవి నిద్రమాత్రలా? అలవాటైపోతాయా? జీవితాంతం మింగాలా? ఇంట్లోవారికి మరో సందేహం. మనసు గట్టిచేసుకుంటే పోయేదానికి మాత్రలెందుకని. ఈ సందేహాల నడుమ చాలామంది పది రోజులు వాడి, కడుపులో వికారంగా ఉందని మానేస్తారు. అప్పటికి మందు గుణమివ్వడమే మొదలై ఉండదు. అందుచేత ఈ మందులు ఎలా పనిచేస్తాయో, ఏ ఇబ్బందులు కలిగిస్తాయో తెలుసుకోవడం మనకు అవసరం.

ముందుగా జబ్బు సంగతి. కష్టం వచ్చినప్పుడు బాధపడటం మానవ సహజం. దానికి మందు అక్కరలేదు. కానీ రెండు వారాలకు పైగా ప్రతిరోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడటం, తాను పనికిరాని వాడినన్న భావం, చావు ఆలోచనలు ఉంటే అది వ్యాధి కావచ్చు. అది బలహీనతా కాదు, భక్తి లోపమూ కాదు. వ్యాధి స్వల్పంగా ఉంటే మాటల ద్వారా చేసే చికిత్స, అంటే కౌన్సెలింగ్ సరిపోవచ్చు. తీవ్రమైతే మందులు కావాలి.

ఈ మందులు అనుకోకుండా బయటపడ్డాయి. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చినప్పుడు, నీరసించి పడి ఉన్నవారు ఉత్సాహంగా లేచి తిరగడం వైద్యులు గమనించారు. 1957లో స్విట్జర్లాండుకు చెందిన రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే మందు డిప్రెషన్‌ను తగ్గిస్తుందని ప్రకటించారు. ఈనాడు ఎక్కువగా వాడే తరగతికి చెందిన ఫ్లూయోక్సెటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ కూడా ఈ తరగతివే.

ఇవి ఎలా పనిచేస్తాయి?

మన మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి రసాయనాల ద్వారా కబురు పంపుకుంటాయి. సెరటోనిన్ అటువంటి రసాయనాలలో ఒకటి. కబురు అందిన తరువాత, పంపిన కణమే ఆ రసాయనాన్ని తిరిగి లోపలికి తీసుకుంటుంది. ఈ మాత్రలు అలా తిరిగి తీసుకోవడాన్ని అడ్డుకుంటాయి. దానితో కణాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఈ మార్పు కొన్ని గంటలలోనే జరుగుతుంది. కానీ మనసు తేలికపడటానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రసాయనం మారాక మెదడు కణాలు దానికి తగినట్లు మెల్లగా సర్దుకోవాలి. కనుకనే "సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్" అన్న పాత వివరణ అసంపూర్ణమని నేడు వైద్యులు భావిస్తున్నారు.

ఇబ్బందులు ఏమిటి?

మేలు ఆలస్యంగా వస్తుంది, ఇబ్బందులు ముందు వస్తాయి. ఇదే ఈ మందులతో వచ్చిన చిక్కు. మొదటి ఒకటి రెండు వారాలలో వికారం, విరేచనాలు, తలనొప్పి, చెమటలు, నిద్రపట్టకపోవడం లేక మగతగా ఉండటం, కంగారు కలగవచ్చు. వీటిలో చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఆహారం తరువాత మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుంది. దాంపత్య జీవితంలో కోరిక తగ్గడం మాత్రం కొందరికి మందు వాడినంతకాలం ఉండవచ్చు. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి. మోతాదు గానీ మందు గానీ మార్చవచ్చు.

పాత తరగతికి చెందిన అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి వాటితో నోరు ఎండటం, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, మగత ఎక్కువ. మోతాదు మించితే గుండెకు ప్రమాదం. కాబట్టి ఆ మాత్రలను ఇంట్లో పెద్దవారెవరైనా తమ దగ్గర ఉంచుకొని ఇవ్వడం మంచిది.

వెంటనే డాక్టరుకు చెప్పవలసినవి

1. ఇరవై అయిదేళ్ల లోపువారిలో మొదటి వారాలలోనూ, మోతాదు మార్చినప్పుడూ ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. ఈ విషయమై అమెరికా ఔషధ సంస్థ 2004లో పిల్లల గురించి, 2007లో యువకుల గురించి హెచ్చరిక జారీ చేసింది. ఆ రోజులలో వారిని కనిపెట్టి ఉండండి.

2. ఉన్నట్టుండి అతి ఉత్సాహం, నిద్ర లేకున్నా అలసట లేకపోవడం, విపరీతంగా ఖర్చుపెట్టడం కనిపిస్తే అది వేరొక మానసిక వ్యాధి లక్షణం కావచ్చు.

3. వృద్ధులలో రక్తంలోని సోడియం తగ్గి తికమక, తూలిపడటం జరగవచ్చు.

4. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలతో కలిపితే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ వంటి నొప్పి మందుతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి జ్వరం, వణుకు, గుండెదడ రావచ్చు. అందుకని ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా మీరు వాడే మాత్రల పేర్లు చెప్పండి. మద్యం తాగకండి.

ఎప్పుడు మానాలి?

ఇవి నిద్రమాత్రలు కావు. మత్తుమందులవలె ఇంకా కావాలన్న తహతహ పుట్టించవు. కానీ హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు షాకు కొట్టినట్లు అనిపించడం జరుగుతాయి. బాగైన తరువాత కూడా సాధారణంగా ఆరు నెలలైనా కొనసాగించి, ఆపై డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకోవాలి. బాగయ్యానని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. గర్భం దాల్చిన తల్లులు కూడా భయపడి తమంతట తాము మానక, వెంటనే డాక్టరును కలవాలి. మొదటి మందు అందరికీ పడదు. పడకపోతే మరొకటి ఉంది.

ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు వాడుతుంటే మీరు చేయగలిగిన సాయం పెద్దదేమీ కాదు. "ఇంకా ఎన్నాళ్లు మింగుతావు?" అని అడగకండి. "ఈ రోజు వేసుకున్నావా? ఎలా ఉంది?" అని అడగండి. మొదటి నెలలో రోగికి ఆశ కనిపించదు. ఆ నెల గడిచేదాకా ఆయన తరఫున ఆశ పెట్టుకోవలసినది ఇంటివారే. ఎవరికైనా చావు ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా విడువకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా, రాత్రింబగళ్లు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.