బొగ్గు – కలం – కంప్యూటరు

పనివానికి సాధనం చేతిలోని వస్తువు మాత్రమే కాదు. అతని ఆలోచనకు తోడు కూడా. తిరుపతి జిల్లా దొరవారిసత్రం నుండి నాయుడుపేట మీదుగా పడమరకు సాగితే స్వర్ణముఖీ తీరాన శ్రీకాళహస్తి ఉన్నది. అక్కడి కలంకారీ చిత్రకారుల పనితీరు ఈ సత్యాన్ని చక్కగా తెలుపుతుంది.

కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెట్టిన వస్త్రంపై వారు మొదట చింతబొగ్గుతో బొమ్మ గీస్తారు. నచ్చని గీతను దులిపివేయవచ్చు. రూపం కుదిరిన పిదప వెదురు కలం చేపడతారు. పుల్లను చెక్కి, మొనకు పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే కలం సిద్ధమవుతుంది. గుడ్డను వేళ్ళతో నొక్కినకొద్దీ రంగు దిగుతుంది. గీతలకు సన్నని మొన, రంగులు నింపడానికి మొద్దు మొన. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవం, కరక్కాయతో కలిసి వస్త్రంపై నల్లగా నిలిచిపోతుంది. ఇక దిద్దడానికి వీలులేదు.

మచిలీపట్నం ప్రాంతంలో కొయ్య అచ్చులు వాడతారు. ఒకే నమూనాను పలుమార్లు ముద్రించడానికి అచ్చు, కథను చిత్రించడానికి కలం అనువైనవి.

నేడు సెల్‌ఫోను తెరలను రూపొందించే డిజైనర్లలో పలువురిది ఇదే మార్గం. ముందు కాగితంపై పెన్సిలుతో గీసి, ఇతరులకు చూపి, మార్చి, ఆ తరువాతనే కంప్యూటరును ఆశ్రయిస్తారు. తొందరపడి తెరపై తీర్చిన బొమ్మ పని పూర్తయినట్లు భ్రమ గొలుపుతుంది. దానిని మార్చడానికి మనసొప్పదు. దిద్దుకొనే దశలో దిద్దనిచ్చే సాధనాన్ని, నిలపవలసిన దశలో నిలిపే సాధనాన్ని ఎన్నుకోవడమే ప్రజ్ఞ.

ప్రశ్నలు
1. కలంకారీలో బొగ్గు, కలం చేసే పనులలోని భేదమేమి?
2. డిజైనర్లు ముందుగా కాగితాన్ని ఎందుకు ఆశ్రయిస్తారు?