మోటారుకారు మరమ్మతునకు పానాల ఎంపిక

1998 వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు తెఱవబడినది మొదలు, మన జిల్లాల రైతుబిడ్డలనేకులు మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో ఉద్యోగములు చేయుచున్నారు. పండుగలకు వారు కారులలో గ్రామములకు వచ్చుట మనమెఱిగినదే. ఇంజను నూనె మార్చుట, చక్రము విప్పుట వంటి చిన్న పనులను ఇంటివద్దనే చేసికొనగోరువారు వారిలో కలరు. తగని పానా వలన నట్టు మూలలరిగి ఖర్చు పెరుగును; సరిగా బిగియని చక్రము దారిలో ఊడి ప్రాణమునకే ముప్పు తెచ్చును. కావున పానాలు కొనువారు గమనింపవలసిన విషయములను ఈ పాఠమున వివరింతుము.

1. కొలత.— పానాపై చెక్కిన అంకె నట్టు యొక్క ఎదురెదురు ముఖముల నడిమి దూరమే గాని, బోల్టు లావు కాదు. 8 మి.మీ. లావుగల బోల్టు తలకు జపాను పద్ధతి ననుసరించు మారుతి సుజుకి, టొయోటా కారులలో సాధారణముగా 12 మి.మీ. పానాయు, ఐరోపా పద్ధతి ననుసరించు వోక్స్‌వాగన్, స్కోడా కారులలో 13 మి.మీ. పానాయు సరిపోవును. 12 తలపై 13 పానా తొడిగినచో పట్టినట్లే తోచి, బలము పెట్టగానే జాఱి మూలలను కొఱికివేయును. అంగుళముల కొలతగల పాత యంత్రముల విషయమునను ఇట్లే, అరయంగుళమనగా 12.7 మి.మీ., 13 కాదు. కావున పెద్ద పెట్టెను చూచి ఆశపడక, మొదట తన కారు నట్ల కొలతలు వ్రాసికొని, పిదప సికింద్రాబాదు రాణీగంజు వంటి పనిముట్ల బజారునకు పోవుట మేలు.

2. ఆకారము.— నోరు తెఱచిన పానా నట్టును రెండు ముఖములపై మాత్రమే పట్టును. రింగు పానా చుట్టును పట్టును. బిగిసిన నట్టును రింగుతో వదులు చేసి, పిదప నోటిపానాతో త్రిప్పవలెను. ఒక కొనను నోరు, ఒక కొనను రింగు గల పానా రెండు పనులకును వచ్చును. త్రుప్పు పట్టిన నట్టునకు పండ్రెండు మూలల సాకెట్టుకంటె ఆఱు మూలలది శ్రేష్ఠము.

3. ప్రత్యేక పానాలు.— పెట్రోలు కారు ప్లగ్గునకు లోపల రబ్బరుగల సాకెట్టు కావలెను, పింగాణీ విఱుగదు. ఇవి ఎక్కువగా 16 లేక 21 మి.మీ. కొలతవి. నూనె ఫిల్టరు విప్పుటకు పట్టీ పానాగాని టోపీ పానాగాని కొనవలెను. బిగించుటకు చేయి చాలును. బ్రేకు గొట్టముల నట్లు మెత్తనివి. వానికి గొట్టము దూరునట్లు చీలిక గల రింగు పానాయే తగినది.

అన్నిటికంటె ముఖ్యమైనది టార్కు రెంచి. ఎంత బలముతో బిగించుచున్నామో ఇది తెలుపును. 100 న్యూటన్ మీటర్లనగా, మీటరు పొడవు కడ్డీ చివర సుమారు 10 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము. చక్రపు నట్ల కెంత కావలెనో కారుతో వచ్చిన పుస్తకమున చూడవలెను. ఈ రెంచితో నట్లు విప్పరాదు. పని ముగిసిన పిదప అంకెను కనిష్ఠమునకు త్రిప్పి భద్రపఱుపవలెను.

4. వాడుక.— పానాను నెట్టక తనవైపునకు లాగవలెను. జాఱినచో వ్రేళ్లు చితుకవు. పిడికి గొట్టము తొడిగి పొడిగింపరాదు. చక్రపు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించి, కొంతదూరము నడిపిన పిదప మరల పరీక్షింపవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరరాదు. గట్టి స్టాండులు నిలుపవలెను.

5. సంఘము చేయదగినది.— నిత్యము వాడు నాలుగైదు పానాలు ఎవరివి వారికుండవలెను. ఏటికి రెండు మూడు మార్లు మాత్రమే పనిపడు టార్కు రెంచిని, స్టాండులను ఇంటింట కొనుట వృథా వ్యయము. మందుచల్లు యంత్రమును ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకొనునట్లే, సంఘము వీనిని కొని, చిట్టాలో వ్రాసి, స్వల్ప రుసుముపై ఇయ్యవచ్చును. గచ్చిబౌలి ఇండ్ల సముదాయములలో నివసించు మన బిడ్డలును తమ సంఘములందు ఈ పద్ధతి నవలంబింపవచ్చును. చిట్టాను చూచువాడొకడు ఏర్పడినగాని ఉమ్మడి పనిముట్టు నిలువదు. తీసికొన్నవాడు తుడిచి, నూనె రాచి, చెప్పిన దినమున తిరిగి యిచ్చుట ఈ యేర్పాటునకు ప్రాణము. సభ్యులు రాబోవు సమావేశమున దీనిని చర్చింతురుగాక.