జీవశాస్త్రం: స్త్రీలలో ప్రసేకం
మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి చేర్చే నాళమే ప్రసేకం. స్త్రీలలో దీని పొడవు సుమారు 4 సెం.మీ., పురుషులలో దాదాపు 20 సెం.మీ. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు స్త్రీలలో ఎందుకు ఎక్కువన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. దారి పొట్టిది, పైగా మలద్వారానికి దగ్గర. పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా సులువుగా మూత్రాశయం చేరుతుంది. ఎక్కువ కేసులకు కారణం అదే. మంట, మాటిమాటికీ మూత్రం రావడం ముఖ్య లక్షణాలు.

అభ్యర్థులు తడబడేది మరోచోట. స్త్రీలలో మూత్రద్వారం, యోనిద్వారం వేర్వేరు. పురుషులలో మూత్రానికీ వీర్యానికీ ప్రసేకమే ఉమ్మడి దారి.

ప్రసేక ద్వారానికి ఇరువైపులా ఉండే స్కీన్ గ్రంథులను 1880లో వర్ణించినది అలెగ్జాండర్ స్కీన్. జతపరిచే ప్రశ్నల్లో బార్తొలిన్ గ్రంథులతో కలిపి ఇస్తే జాగ్రత్త: అవి యోనిద్వారం పక్కన ఉంటాయి.