గాలికొండ మీద మోటారు లేని విమానం

గ్లైడర్ అంటే పైనుంచి కిందకి జారిపోయే బొమ్మ అనుకునేవాణ్ణి. సగం నిజమే. మోటారు లేదు కాబట్టి తన చుట్టూ ఉన్న గాలిలో అది ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. మరి ఆ గాలే పైకి లేస్తుంటే? పైకెళ్ళే ఎస్కలేటర్ మీద కిందకి నడిచినట్టు. లోయలోంచి వచ్చిన గాలి కొండవాలుకి తగిలి, వేరే దారి లేక పైకి మళ్ళుతుంది. మోటా లెక్క చెప్తాను: 30 డిగ్రీల వాలు వెంట సెకనుకి 5 మీటర్ల గాలి ఎక్కితే, అందులో నిలువుగా లేచే భాగం రెండున్నర మీటర్లు. నా చిన్న గ్లైడర్ సెకనుకి దిగేది సుమారు ఒక మీటరు. మిగతాదంతా లాభమే.

అందుకే సెలవుల్లో అనంతగిరి దాటాక గాలికొండ దగ్గర బస్సు దిగాను. ఇంగ్లీష్ మీడియం బుర్ర కదా, పేరులోనే గాలి ఉందని అక్కడి బోర్డు చూసేదాకా తట్టలేదు!

నాది ఫోమ్ కిట్. రడ్డర్‌కి ఒక సర్వో, ఎలివేటర్‌కి ఒకటి. ఆరు వారాల హాస్టల్ రాత్రులు దానికే పోయాయి. ఎగరేసే ముందు బరువు చూసుకోవాలి. కిట్ కాగితంలో చూపించిన చోట రెండు వేళ్ళ మీద నిలబెడితే ముక్కు కొంచెం కిందకి వాలాలి. తోక బరువైతే విసరగానే ముక్కెత్తి, వేగం పోయి కూలుతుంది. నాది తోకే బరువు. ముక్కులో రెండు రూపాయి బిళ్ళలు అతికించాను.

జనం లేని గడ్డివాలు వెతుక్కుంటుంటే కాఫీ తోటలోంచి ఒక తాత వచ్చాడు. "ఏటి బాబూ అది, డ్రోనా?"

"కాదు తాతా, గాలితోనే ఎగురుద్ది."

"అయితే ఆ పొగ సూడు," అన్నాడు, కింద ఎవరో వేసిన మంట చూపించి. పొగ వాలు వెంట మా వైపే పాకుతోంది. నా ఫోన్ యాప్ కంటే నయం.

గాలికి ఎదురుగా, ముక్కు సమంగా ఉంచి విసిరాను. నిలబడింది! కొండకి సమాంతరంగా అటూ ఇటూ, ప్రతి మలుపూ లోయవైపే. నాలుగు నిమిషాలు.

తర్వాత ఎత్తు ఎక్కువైందని కొండవైపు తిప్పాను. అదే తప్పు. గాలి వేగం, దాని వేగం కలిసి మీదకి దూసుకొచ్చింది. ఎదురుగా వచ్చేటప్పుడు మన కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క వాలితే స్టిక్ అటే తొయ్యాలని చదివాను, కానీ చేతికి గుర్తులేదు. అంచు దాటి వెనక్కి వెళ్ళింది. అక్కడ గాలి సుడి తిరిగి కిందకి పడుతుంది. సిల్వర్ ఓక్ కొమ్మల్లో చిక్కుకుంది.

తాత పొడుగాటి వెదురు తెచ్చాడు. రెక్కలు బాగానే ఉన్నాయి, తోక విరిగింది. టేపు వేసి మళ్ళీ అంచుకి వచ్చేసరికి కింద పొగ నిట్టనిలువుగా లేస్తోంది.