మెయిల్ మీద మీ పేరు

తమ్ముడూ,

డెమో క్లాసుల మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయనీ, సబ్జెక్ట్ లైన్లు మార్చి మార్చి చూస్తున్నాననీ రాశావు. ఆ లైన్ల జోలికి ఇక పోకు. ఆ మెయిల్ మీ ఇన్‌స్టిట్యూటే పంపిందని జీమెయిల్‌కు నమ్మకం కుదరాలి. ముందు ఆ పని చూడు.

మెయిళ్లు నడిచే ఎస్ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. అందులో పంపినవారి చోట ఎవరి పేరైనా రాసెయ్యొచ్చు, అడిగేవాళ్లు లేరు. ఆ లోటు పూడ్చడానికే మూడు రికార్డులున్నాయి. మీ డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ ప్రతి మెయిల్‌కూ డిజిటల్ సంతకం పెడుతుంది. ఈ రెండిట్లో ఒక్కటైనా పైకి కనిపించే మీ డొమైన్‌తో సరిపోవాలి, లేకపోతే ఏం చెయ్యాలో డీమార్క్ చెబుతుంది. చాలామంది తప్పేది ఈ సరిపోవడం దగ్గరే. బల్క్ మెయిల్ కంపెనీ తన డొమైన్‌తోనే సంతకం పెట్టేస్తుంది, పాసైన ఫలితం మీ పేరుకు చెందదు. వాళ్ల సెట్టింగ్స్‌లో మీ డొమైన్‌తో డీకిమ్ పెట్టించు.

జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000, ఆపైన పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ మూడూ తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. కొన్న లిస్టులకు పంపితే ఏ రికార్డూ కాపాడదు.

డీమార్క్‌ను మొదటిరోజే రిజెక్ట్‌లో పెట్టకు. 'నన్' (ఏమీ చెయ్యొద్దు) మీద ఉంచి రిపోర్టులు చూడు. మీ పేరుతో ఫీజు రసీదులు పంపే సాఫ్ట్‌వేర్ లాంటివి, నీకెవరూ చెప్పనివి, అక్కడ బయటపడతాయి. అవన్నీ సర్దాక క్వారంటైన్, తర్వాత రిజెక్ట్. నన్ దగ్గరే ఆగిపోతే దొంగ మెయిళ్లకు అడ్డే ఉండదు.

ఇంతగా చెప్పడం అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ హాస్టళ్లలో ఉండే పిల్లల కోసం. ఇంట్లోవాళ్లు అప్పు తెచ్చి ఫీజు కడితే, వీళ్లు ఉద్యోగం కబురు కోసం గంటగంటకూ మెయిల్ చూసుకుంటుంటారు. మీ ప్లేస్‌మెంట్ సెల్ పేరుతో 'రిజిస్ట్రేషన్ డబ్బు కట్టండి' అని వస్తే నమ్మరా?

ఒక్క అక్షరం మార్చి కొన్న డొమైన్‌ను మాత్రం డీమార్క్ ఆపలేదు. బ్యాంకులకైతే రిజర్వ్ బ్యాంకు దారి చూపింది, 2025 అక్టోబరు 31కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారమంది. మీకు ఆ వీలు లేదు. అందుకని 'మేం మెయిల్లో డబ్బు ఎప్పుడూ అడగం' అని ప్రతి బ్యాచ్‌కూ మొదటి క్లాసులోనే చెప్పించు. ఎవరైనా మోసపోయి వస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు.

అక్క