సందేహాలు - సమాధానాలు: కాలువలో మాత్రలు, పసుపు సంచిలో సెలైన్ సీసాలు

ప్రశ్న: మా అత్తగారికి రోజూ ఇన్సులిన్ ఇస్తాం. వాడిన సూదులు చెత్తబండిలో వేయొచ్చా? గడువు దాటిన మాత్రలు కాలువలో పారేస్తున్నాం. తప్పా?
- ఒక గృహిణి, అమలాపురం

జవాబు: సూదులు విడిగా బండిలో వేస్తే పారిశుధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటాయమ్మా. ఖాళీ అయిన ఫినాయిల్ సీసా లాంటి మందపాటి డబ్బాలో సిరంజితో సహా వేసేయండి. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన ‘వాడిన సూదులు’ అని రాయండి. ఇళ్లలోని సూదులనూ పాత మందులనూ ప్రమాదకర చెత్తగా విడిగా అప్పగించాలని 2016 నుంచీ నిబంధనల్లో ఉంది.

మాత్రలు మాత్రం కాలువలో వేయొద్దు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే ఆ నీళ్లతోనే, వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లో మంచినీళ్ల చెరువులు నింపుతారు. ఫిల్టర్ బెడ్లు మందులను పూర్తిగా తీసేయలేవు. పైగా యాంటీబయాటిక్స్ నీళ్లలో చేరితే వాటికి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇకమీదట చీటీలో రాసినన్ని మాత్రలే కొనండి.

ప్రశ్న: మాది పది పడకల నర్సింగ్ హోమ్. చెత్తంతా పసుపు సంచిలోనే వేస్తే సులువు కదా?
- ఒక డాక్టరు, తణుకు

జవాబు: సులువే గానీ, పసుపు సంచి పోయేది బట్టీకి. అందులో పీవీసీ గొట్టాలు కాలితే డయాక్సిన్లు పుడతాయి. రక్తం అంటిన దూదీ కట్లూ పసుపులో వేయాలి. సెలైన్ సీసాలు, గొట్టాలు, గ్లవ్స్ ఎరుపులో వేస్తే ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి, మళ్లీ వాడకానికి పంపుతారు. సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా, గాజుకు నీలం. ఆస్పత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇడ్లీ పొట్లాలు, కొబ్బరి బొండాలు, మందుల అట్టపెట్టెలు రక్తపు దూదితో కలిశాయా, అదంతా ప్రమాదకరమే. అందుకే ఇంజక్షన్ చేసిన చోటే, నర్సమ్మ ట్రాలీ మీదే డబ్బాలు ఉండాలి. 48 గంటలకు మించి నిల్వ పెట్టకండి.

ప్రశ్న: ఇన్‌హేలర్ వల్ల భూమి వేడెక్కుతుందని విన్నాను. మానేయనా?
- ఒక రిటైర్డ్ మాస్టారు, రాజమండ్రి

జవాబు: మానకండి మాస్టారూ. నొక్కితే స్ప్రే వచ్చే రకంలో సాధారణంగా వాడే వాయువు, బరువుకు బరువు చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. పొడి పీల్చే రోటాహేలర్ రకంలో ఆ వాయువే ఉండదు. ఊపిరి గట్టిగా లాగగలిగితే అది సరిపోతుందేమో మీ డాక్టరుని అడగండి. సొంతంగా మార్చుకోవద్దు. ఆయాసం అదుపు తప్పితే స్ప్రే మాటిమాటికీ నొక్కాలి, ఆస్పత్రికీ పరుగెత్తాలి. ఖర్చూ కాలుష్యమూ రెండూ పెరుగుతాయి. స్ప్రే డబ్బా ఖాళీ అయినా మంటలో వేయకండి, పేలుతుంది.