గోడమీది చిలుక

పిల్లల ఆసుపత్రి వార్డు గోడలపై మన విచారణ యువజనులు చిలుకలు, చేపలు వేస్తామంటే "మందులు కొనివ్వక రంగులెందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని దేహము, ఆత్మ కలిస్తేనే మనిషి అని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన పరిశోధనలో, శస్త్రచికిత్స తరువాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారు. కంటికి ఇంపైనది ఒంటికీ మేలు చేయగలదు.

బొమ్మను పడుకున్న బిడ్డకు కనిపించేచోట, నర్సమ్మల అనుమతితో, కడిగినా చెరగని రంగులతో వేయండి.

రోగిని చూడవచ్చినవారు తనను చూడవచ్చినట్లేనని ప్రభువు బోధించారు (మత్తయి 25:36-40). కనుక బొమ్మ పూర్తికాగానే బిడ్డను మరచిపోకండి. గోడమీది చిలుక ఆ బిడ్డను పేరుపెట్టి పిలవలేదు. ఆ పని మనదే.